బొగ్గు కుప్ప కింద గేర్ ఆయిల్ డబ్బా

ఈ బరువు ఎన్నేళ్లు మోశానో చెప్పలేను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే వేరేవాళ్లు రాస్తున్నారు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

ఎనభైల చివర గోదావరిఖనిలో క్వార్టర్లో ఉండేవాళ్లం. మా ఆయనది బొగ్గు బాయిలో, గని లోపల పని. ఎవరో కాంట్రాక్టరు వాడి వదిలేసిన పాత కారు కొన్నాడు. డ్యూటీ లేదంటే దాన్ని తుడుస్తూ కూర్చునేవాడు. ఒకరోజు మొదటి షిఫ్టుకు పోతూ గేర్ ఆయిల్ డబ్బా నా చేతికిచ్చాడు. మెకానిక్ ఖాదర్ వచ్చి కారు తీసుకుపోతాడు, నువ్వు దగ్గరుండి పాత నూనె తీయించి ఇది పోయించు అన్నాడు.

ఖాదర్ షెడ్డు మా వీధి చివరే. ఏటా నేను అతనికి రాఖీ కట్టేదాన్ని. నన్ను చెల్లె అని, మా ఆయనను బావ అని పిలిచేవాడు. ఆ రోజు షెడ్డులో కారు కిందికి దూరి, గేర్‌బాక్సు నట్టు కొంచెం వదులు చేసి, వేలికంటిన నూనె నాకు చూపించాడు. నల్లగా, చిక్కగా ఉంది. అందులో ఇనుప రజను మెరుస్తోంది.

"ఏండ్ల సంది ఎవ్వలు మార్చలే చెల్లె. ఊకె తీసి పోస్తే కొత్త నూనె గూడ పాడైతది. లోపట గేర్ల పండ్లు అరిగినయ్, విప్పి చూడాలె. మూడు దినాలు నా కాడ్నే ఉండాలె."

ఎల్లుండే మంథని దగ్గర మా పుట్టింట్లో అన్న కూతురి పెళ్లి. అంతకుముందు ఒక పెళ్లికి బొగ్గు లారీలో పోతే, మా వదిన అందరి ముందూ, "ఆడబిడ్డ దిగింది, బొగ్గు యాడ దించాలె?" అని నవ్వించింది. ఈసారి కారులో దిగాలి. నా మనసులో అదొక్కటే ఉంది. మా ఆయనకు తెలిస్తే కారు షెడ్డులో వదిలి బస్సులో పోదామంటాడు. ఆయన్ని అడుగుదామన్నా భూమి లోపల ఉన్నాడు, షిఫ్టు దిగేదాకా మాట అందదు. అడగాలని నిజంగా అనుకున్నానా? అందదని లోలోపల సంతోషపడ్డానా?

నట్టు బిగించమన్నాను. పెళ్లయ్యాక చూద్దాం, మా ఆయనతో మాత్రం మార్చినట్టే చెబుతానన్నాను.

"రేపు మాట నా మీదికొస్తది చెల్లె."

"ఎందుకొస్తది? నేనున్న గద."

ఆ డబ్బాను పెరట్లో పొయ్యి బొగ్గు కుప్ప కింద దాచాను. పెళ్లికి కారులో దిగాను. వదిన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ సంతోషాన్ని ఇప్పుడు లేదనలేను.

పెళ్లయ్యాక నూనె మార్పించాలంటే మా ఆయనకు నిజం చెప్పాలి. రేపు, రేపు అనుకున్నాను. ఇరవై రోజులకు, మా ఆయన ఒక్కడే మంచిర్యాల పోతుంటే, గోదావరి బ్రిడ్జి మీద గేర్లు పట్టేశాయి. మంచిర్యాల మెకానిక్ విప్పి పాత నూనె మా ఆయనకు చూపించాడట. ఆయన ఇంటికొచ్చి, నన్ను వెంటబెట్టుకుని నేరుగా ఖాదర్ షెడ్డుకు పోయాడు. షిఫ్టు దిగిన మనుషులు పక్కన చాయ్ తాగుతున్నారు.

"కూసో బావా."

"కూసునుడు తర్వాత. నా నూనె ఎవని బండ్ల పోసినవ్?" అని నా వైపు తిరిగాడు. "చెప్పవే, దగ్గరుంటివి గద. పోసిండా?"

ఖాదర్ నన్నే చూస్తున్నాడు.

"నేను అన్నం వండ పోయిన," అన్నాను. "డబ్బా ఖాదరన్న చేతికిచ్చిన. తర్వాత నాకు తెల్వది."

"తాగిండేమో తియ్యి, గొంతు నున్నగైతదని," అన్నారెవరో. అందరూ నవ్వారు. ఖాదర్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"చెల్లె చెప్పింది నిజమే. తప్పు నాదే బావా."

దొంగ అన్నాడు మా ఆయన. ఆ మాట షిఫ్టు నుంచి షిఫ్టుకు పాకింది. బండ్లు రావడం ఆగిపోయింది. కొన్ని నెలలకే ఖాదర్ షెడ్డు విప్పుకుని పెళ్లాం పిల్లలతో మంచిర్యాల వెళ్లిపోయాడు.

ఆ వానాకాలమంతా పాత గుడ్డలు దాచిన ఆ డబ్బా నూనెలో ముంచి పొయ్యి అంటించాను. ఏం వాసనే అంటే, ఈసారి బొగ్గు మంచిది రాలేదు అన్నాను. రోజూ బొగ్గు తవ్వే మనిషి, నమ్మాడు. ఇంటికి ఎవరొచ్చినా ఖాదర్ దొంగతనం కథ చెప్పేవాడు. నేను చాయ్ పోసి అక్కడే నిలబడేదాన్ని. వంటింట్లోకి పోతే అనుమానం వస్తుందని నిలబడేదాన్ని.

మా ఆయనకు భయపడ్డాను అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. రెండు రోజులు తిట్టి ఊరుకునేవాడు. ఆ రెండు రోజుల తిట్లు తప్పించుకోవడానికి ఒక మనిషి బతుకుదెరువు తీసేశానా? పోనీ, ఆయన చనిపోయాక ఎవరికి భయపడ్డాను? మంచిర్యాల ఎంత దూరమని? బస్సులు మా ఇంటి ముందు నుంచే పోతాయి. ఒక్కటీ ఎక్కలేదు.

ఖాదర్ ఉన్నాడో లేడో తెలియదు. ఉన్నా క్షమించమని అడగను. అడిగితే, పోనీ తియ్యి చెల్లె అని అది కూడా తన మీదే వేసుకుంటాడు. ఇంకోసారి అతని దగ్గర ఏదీ తీసుకోలేను. అందుకే మీకు చెబుతున్నాను. ఖాదర్ ఆ నూనె దొంగిలించలేదు. నేనే దాచాను, నేనే తగలబెట్టాను, నలుగురిలో నేనే అబద్ధమాడాను. ఈ మాట పైకి అన్నాక, ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.