ఉల్లిపొట్టు రంగు ఎవరిది

మా పెద్దమ్మ అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అది రెండు వేల మూడో నాలుగో. సంవత్సరం కాస్త అటూ ఇటూ అవుతుందేమో గానీ మాట మాత్రం కాదు.

ఆ రోజు వనపర్తిలో మా అక్క నిశ్చితార్థం. అక్క అంటే పెద్దమ్మ కూతురు. అప్పుడే అక్కడొక బ్యూటీపార్లర్‌లో పని నేర్చుకుంటోంది. వచ్చిన ఆడపిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి తానే గోళ్లకు రంగు వేస్తోంది. నా వంతు రాగానే చేతులు చాపాను. పక్కనే తమలపాకులు తుడుస్తున్న పెద్దమ్మ తలయినా ఎత్తకుండా అంది.

"మగ్గం చేతులకు గోర్ల రంగెందుకే? పొద్దుగాల కండెలు చుట్టంగనే లేసిపోతది. ఉత్తగ ఖరాబు. పో, ఆ విసనకర్ర తీసుకొని అందరికీ విసురు, జల్ది ఆరుతయి."

విసిరాను. మా పిన్ని కూతుళ్ల గోళ్లు, పక్కింటివాళ్ల గోళ్లు, ఎవరో ముఖపరిచయం కూడా లేని పిల్ల గోళ్లు, అన్నీ నా గాలికే ఆరాయి. గద్వాలకు తిరిగొచ్చే బస్సులో అమ్మతో ఈ మాట ఎత్తితే, "మా అక్క ఊకనే అన్నది, మనసుల పెట్టుకోకు" అంది. నేను పెట్టుకున్నాను.

ఇంకా మండించిన సంగతేమిటంటే, పెద్దమ్మ పుట్టింది కూడా మగ్గం ఇంట్లోనే. అమ్మా ఆమే ఒకే రాట్నం దగ్గర పెరిగారు. పెదనాన్నకు వనపర్తిలో ఆఫీసు ఉద్యోగం వచ్చాక ఆమె చేతులు మగ్గం చేతులు కాకుండా పోయాయి. నావి మిగిలాయి.

మా ఇంట్లో నాన్న చీర నేసేవాడు, నేను ఇంటర్ అయిపోయాక ఖాళీగా ఉండి ఆయనకు కండెలు చుట్టేదాన్ని. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టానికి రాట్నం మీద నూలు చుట్టడమే ఆ పని. గోళ్లకు రంగు వేసుకోవద్దని అమ్మ ఆంక్ష. రంగు పెచ్చులు లేచి గరుకైతే పట్టు పోగు తట్టుకుని తెగుతుంది. చేతికి క్రీము రాసుకుంటే చీర మీద మరక పడుతుంది. కాబట్టి పెద్దమ్మ మాటలో నిజం లేదనను. నిజమైతే మాత్రం, అందరి ముందూ అనాలా?

ఆ నిశ్చితార్థంలోనే అక్క పెళ్లి చీర నాన్నే నేయాలని ఖాయమైంది. "రంగు మాత్రం ఆలోచించి చెప్త మరిదీ" అంది పెద్దమ్మ. నెల దాటినా చెప్పలేదు. నాన్న ఎదురుచూస్తూ ఉన్నాడు.

అలాంటి రోజుల్లో ఒకనాడు మా వీధి చివరి కిరాణా దుకాణానికి అక్క ఫోను చేసింది. వెళ్లి మాట్లాడింది నాన్న. "చిన్నాయినా, తెలిసినామె బస్సుల వస్తున్నది, ఆమెతోని శాంపిళ్లు పంపుతున్న. చెల్లెకు ఇయ్యి" అందట.

మా ఇంట్లో శాంపిల్ అనే మాటకు ఒకటే అర్థం. మాతో చీరలు నేయించే షావుకారు పంపే రంగు దారాల కుచ్చు. ఈ రంగులో ఇంత, ఆ రంగులో ఇంత అని చూపించే ముక్క. దాన్ని మగ్గం పక్క గోడకున్న మేకుకు తగిలిస్తారు. నాన్న బస్టాండుకు వెళ్లి కవరు తెచ్చి, మూతికున్న ముడి కూడా విప్పకుండా నా చేతిలో పెట్టాడు.

"మీ అక్క శాంపిళ్లు పంపింది. తీసి పెట్టు. నాకు పనున్నది, మళ్ల చూస్త."

విప్పితే అది స్వర్గం. పార్లర్‌కు ఉచితంగా వచ్చే చిన్న చిన్న పొట్లాలు. షాంపూ, మొహానికి రాసుకునే ముద్ద, గులాబీ వాసన క్రీము, అగ్గిపుల్లంత లిప్‌స్టిక్ ముక్కలు, అడుగున కొంచెం కొంచెం మిగిలిన గోళ్ల రంగు సీసాలు, ఒక ఖాళీ సీసా, రంగు చెరిపే మందు.

ఆ మధ్యాహ్నం మగ్గం ఆగింది. అమ్మ, నేను, పక్కింటి అత్త మొహాలకు పచ్చటి ముద్ద పూసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాం. నవ్వితే పగులుతుందని పొట్లం మీద బొమ్మ చూసి అత్తే చెప్పింది. చెప్పగానే ముగ్గురికీ నవ్వొచ్చింది. మా అవ్వ, అంటే నాన్న తల్లి, గులాబీ క్రీము పొట్లం చింపి మడమల పగుళ్లకు కూరింది.

"అవ్వా, అది మొఖానికి" అన్నాను.

"మొఖం బాగనే ఉన్నది. కాళ్లే నొస్తున్నయి" అంది.

రెండు రోజుల తర్వాత మడమలు మెత్తబడ్డాయని ఇంకో పొట్లం అడిగింది. అది నా వాటా. ఇచ్చాను గానీ, అదీ మర్చిపోలేదు.

గోళ్ల రంగు సీసాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నా గోళ్లకు వేసుకునే వీలు లేదు కదా. అగరుబత్తీల డబ్బా అట్టను గోళ్ల ఆకారంలో కత్తిరించి వాటికి వేయడం మొదలుపెట్టాను. ఉన్న రంగులేవీ నాకు నచ్చలేదు. ఒకటి మరీ గులాబీ, ఒకటి ఎండిన నెత్తురు. ఖాళీ సీసాలో అదింత ఇదింత పోసి, తెలుపు చుక్క కలిపి, ఊపి ఊపి చూశాను. మెల్లగా ఒక రంగు వచ్చింది. ఎర్ర ఉల్లిగడ్డ పైపొట్టును ఎండకు ఎత్తి పట్టుకుంటే కనిపించే రంగు. దాని కొసకు ఎవరూ వేసుకోని ముదురాకుపచ్చతో అంచు వేశాను. చీపురు పుల్ల చెక్కి, బంగారు రంగులో ముంచి, ఆ అంచు మీద కోటకొమ్మ గీశాను. మా చీరల అంచు మీద కోటగోడ పళ్లలా వరుసగా వచ్చే త్రికోణాలే కోటకొమ్మ. పుట్టినప్పటి నుంచి చూస్తున్నది, చేయి దానంతట అదే గీసింది.

ఆ అట్టగోళ్లను దారానికి కట్టి ఆరబెట్టాలి. నేల మీద పెడితే అవ్వ తొక్కుతుంది. గోడకు మేకు కనిపించింది. తగిలించాను.

సాయంత్రం నాన్న వచ్చి మేకు దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. నేను వంటింట్లో అమ్మకు కూర తరిగిస్తున్నాను. ఆయన అన్నది వినిపించింది.

"అంచు రంగుతోని సహా పంపింది. మీ అక్కకు రుచి ఉన్నది."

అక్క పంపిన లిప్‌స్టిక్ గురించి అనుకున్నాను. మగ్గం మనిషి లిప్‌స్టిక్ అంచు గురించి ఎందుకు మాట్లాడతాడని నాకు తట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత నూలుకు రంగు వేసే ఆయన దగ్గర నుంచి చిలపలు, అంటే రంగు వేసిన నూలు కట్టలు, వచ్చాయి. నాన్న వాటిని దండెం మీద వేశాడు. నా ఉల్లిపొట్టు. గజాల కొద్దీ నా ఉల్లిపొట్టు.

"నాయినా, ఇవెందుకు తెచ్చినవ్?"

"అక్క పెండ్లి చీరకు. శాంపిల్ పంపలే?"

"అవి గోర్లు."

"ఏం గోర్లు?"

"అట్టగోర్లు. నేను చేసిన. అక్క పంపింది మొఖానికి పూసుకునేటివి."

నాన్న మేకు వైపు, నా వైపు, చిలపల వైపు చూశాడు. "శాంపిల్ అంటే శాంపిలే గద" అన్నాడు చివరికి. ఆయన వాదం ఇప్పటికీ అదే.

కిరాణా దుకాణం ఫోనులో పెద్దమ్మ గొంతు రోడ్డు మీదికి వినిపించింది. ఆమె అనుకున్నది కుంకుమ రంగు. అనుకుంది గానీ ఎవరికీ చెప్పలేదు. "గోర్ల పిచ్చికి నా బిడ్డ పెండ్లి చీరనే దొరికిందా దానికి? ఉల్లిగడ్డ చీర కట్టుకొని పీటల మీద కూసుంటదా?" అంది. పెళ్లికి రోజులు దగ్గరపడ్డాయి, మళ్లీ నూలు తెచ్చి రంగు వేసి పడుగు సిద్ధం చేసే సమయం లేదు. "నేయి మరిదీ. ఎట్లుంటే అట్ల" అని ఫోను పెట్టేసింది.

చెప్పనిది పెద్దమ్మ, అడగనిది నాన్న, తప్పు నాది. ఆ చీరకు ఇంట్లో 'గోర్ల చీర' అని పేరు పడింది. దాని కండెలన్నీ నేనే చుట్టాలని అమ్మ తీర్పు. చుట్టాను. చీర బాగా రాకపోతే ఆ మాట వనపర్తిలో నా చావుదాకా తిరుగుతుందని తెలుసు. అందుకే ప్రతి కండెనూ ముడి లేకుండా, బిగువు తగ్గకుండా చుట్టాను. నాన్న నాడె విసురుతుంటే నాకు గుండెలో తగిలేది.

కానీ నేత సాగేకొద్దీ మా వీధివాళ్లు ఒక్కొక్కరే గుమ్మంలో ఆగడం మొదలైంది. ఒకామె వేలితో అంచు తాకి, "ఈ రంగు ఎక్కడిదే?" అని అడిగింది. షావుకారు వచ్చి మగ్గం గుంటలోకి వంగి చూసి, ఇదే రంగులో ఇంకొకటి కావాలన్నాడు. నేను అక్కడే రాట్నం ముందు కూర్చుని ఉన్నాను. నాన్న ఏమన్నాడు? "అంతా నూలుల ఉంటదండి" అన్నాడు. నూలులో ఉందట.

పెళ్లికి ముందు రోజు మధ్యాహ్నం వనపర్తిలో చీర మడత విప్పారు. పెళ్లికొడుకుది నాగర్‌కర్నూల్. అతని అక్క పెళ్లికూతురి సామాను ఇవ్వడానికి వచ్చి, చీర కొంగు ఒళ్లో వేసుకుని కదల్లేదు.

"అత్తమ్మా, ఈ రంగు మా దిక్కు ఎక్కడా చూడలే. ఎవరు ఏరిండ్రు?"

"ఎవరేరుతరు బిడ్డా, నేనే" అంది పెద్దమ్మ.

నేను అప్పుడు ఏం చేస్తున్నానంటే, విసనకర్రతో విసురుతున్నాను. అదే విసనకర్ర.

ఇంతలో అక్క లోపలి నుంచి ముఖం ముడుచుకుని వచ్చింది. వనపర్తిలో ఉన్న ఫ్యాన్సీ దుకాణాలన్నీ తిరిగిందట. చీరకు కలిసే గోళ్ల రంగు ఒక్కటీ దొరకలేదు. "గులాబీ వేస్తే గలీజుగ కనబడుతది" అంది.

"నా దగ్గరున్నది" అన్నాను.

అందరూ తిరిగారు. సంచిలో ఉన్న రంగు సీసాల్లోంచి ఉల్లిపొట్టు సీసా తీసి చూపించాను. మూత బిగించి, గుడ్డ చుట్టి, ఇన్నాళ్లూ ఇంట్లో బియ్యం డబ్బాలో నేను దాచుకున్నది. అక్క చేయి చాపింది. నేను సీసా వెనక్కి పెట్టుకున్నాను.

"ముందుగాల ఈ రంగు ఎవరిదో పెద్దమ్మ చెప్పాలె."

"రంగు ఎవరిదేంది? చీరది" అంది పెద్దమ్మ.

"చీరకు యాడికెళ్లి వచ్చింది?"

"గద్వాలకెళ్లి."

"గద్వాలల ఎవరి దగ్గరికెళ్లి?"

అమ్మ నా నడుము గిల్లింది. గిల్లితే గిల్లింది. అక్క వాళ్లమ్మ భుజం పట్టుకుని ఊపింది. "అమ్మా, జర చెప్పరాదే. నా గోర్లు ఆరాలె మళ్ల."

పెద్దమ్మ నాగర్‌కర్నూల్ ఆమె వైపు చూసింది, నా వైపు చూసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవులు బిగించింది గానీ ఆగలేదు.

"ఇగో, ఈ పిల్లది. ఇది గోర్లకు కలిపింది, మా మరిది దాన్ని చూసి చీర నేసిండు. గిసుంటి ఇల్లు మాది. సాలా?"

"సాలు" అన్నాను.

అక్క గోళ్లకు ఉల్లిపొట్టు వేసి, చివర ఆకుపచ్చ అంచు, దాని మీద చీపురు పుల్లతో కోటకొమ్మ గీశాను. చేయి పక్కన చీర కొంగు పెట్టుకుని చూస్తే ఎక్కడ చీర ఆగి ఎక్కడ వేలు మొదలైందో తెలియలేదు. నాగర్‌కర్నూల్ ఆమె కూడా రెండు చేతులూ నా ముందు పెట్టింది. విసనకర్ర ఈసారి మా పిన్ని కూతురు పట్టుకుంది. నేనే పట్టుకోమన్నాను.

అందరిదీ అయ్యాక పెద్దమ్మ నా ఎదురుగా కూర్చుని, "నీ చేతులియ్యి" అంది.

"పొద్దుగాల కండెలు చుట్టంగనే లేసిపోతది" అన్నాను.

"రేపు పెండ్లి, కండెలు యాడివే? మూసుకొని ఇయ్యి."

ఇచ్చాను. ఆమె కుంచె పట్టుకుంది. గోటి అంచు దాటకుండా, చర్మానికి చుక్క అంటకుండా, మొదలు నుంచి కొసకు ఒక్క గీతలో తెచ్చింది. అక్క కూడా అంత శుభ్రంగా వేయదు. పోగు పట్టిన వేళ్లు ఎలా కదులుతాయో నాకు తెలుసు. ఆ వేళ్లనే చూశాను. ఆమె తలెత్తింది.

"ఏంది చూస్తున్నవ్?"

"మగ్గం చేతులు పెద్దమ్మా" అన్నాను.

నెత్తి మీద ఒక్కటి మొట్టింది. చివరికి ఎడమ చిటికెన వేలు మిగిలింది. రంగు అయిపోయిందని మూత పెట్టేసింది. సీసా అడుగున ఇంకా ఒక చుక్క ఉండటం నేను చూశాను.

ఇప్పటికీ వనపర్తికి వెళ్తే, గుమ్మంలోనే ఆ చిటికెన వేలు చాపి నిలబడతాను. పెద్దమ్మ కళ్లజోడు సవరించుకుని, "ఇంక యాదికున్నదా నీకు?" అంటుంది.

ఉంది.