పేలే నక్షత్రాలు, పిన్ని ప్రశ్నలు

పజుండౌంగ్ పేటలోని మా తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక, యువతకు నక్షత్రాల గురించి చెప్పమన్నారు. నేను ఫిజిక్స్ ట్యూషన్లు చెబుతాను. ఎంతో ఓపిగ్గా తెరమీద చూపే బొమ్మలు సిద్ధం చేసుకుని వెళ్తే, రెండో బొమ్మకే కరెంటు పోయింది.

బయట జోరువాన. తలుపులు మూసేసిన హాలు మసగ్గా, ఉక్కగా ఉంది. సరే, నోటితోనే మొదలుపెట్టాను. సూర్యుడిలాంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక భూమంత ముద్దగా మిగులుతుందనీ, అదే శ్వేత కుబ్జ తార అనీ, అలాంటివి కొన్ని ఉన్నట్టుండి పేలిపోతాయనీ చెప్పాను.

"ఎందుకు పేల్తాది?" ముందు వరసలోంచి మా పిన్ని. ఏళ్లుగా సండే స్కూలు నడిపిన మనిషి. ప్రశ్నకు జవాబు ఒక్కటే ఉండాలంటుంది.

"పక్క నక్షత్రం నుంచి వాయువు లాక్కుని బరువెక్కి పేలుతుంది, పిన్నీ. లేదా అలాంటివే రెండు గుద్దుకుని పేలుతాయి."

"ఏదో ఒకటి సెప్పవే!"

"రెండూ జరుగుతుండొచ్చు. ఇంకా తేలలేదు."

"తేలందాన్ని పిల్లలకెందుకు సెప్తన్నావు?"

ఒళ్లు మండింది. ఒక కుర్రాణ్ణి నా పక్కన, ఇంకొకణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టి ఫోన్ లైట్లు వెయ్యమన్నాను. ఒకే వెలుగున్నవాటిలో మసగ్గా కనిపించేది దూరంగా ఉన్నట్టు. ఈ పేలుళ్ల వెలుగు దాదాపు ఒకటే కనుక వాటితో దూరాలు కొలుస్తారు. ఇదీ నేను చూపించాలనుకున్నది. తీరా చూస్తే గుమ్మం దగ్గరవాడి కొత్త ఫోనే కళ్లు మిరుమిట్లు గొలిపింది. అందరూ పకపకా నవ్వారు.

"నిజం తారల్లోనూ తేడా ఉంటుంది!" గొంతు పెంచాను. "ఎక్కువ వెలిగేది నెమ్మదిగా ఆరుతుంది. అది చూసి లెక్క సరిచేస్తారు."

"ఐతే ఎలగ పేల్తాదో తెలీకుండానే ఆకాశం కొలిసీసేరా?"

"కొలిచేశారు! దూరపువి అనుకున్నదానికంటే మసగ్గా ఉన్నాయి. విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని అలాగే తెలిసింది!"

"సయామకి కోపమొచ్చింది," అన్నారెవరో. ఇక్కడ టీచరమ్మను అలాగే పిలుస్తారు. ఇక చెప్పడానికి మనసొప్పలేదు. టీ తాగుదాం పదండి అన్నాను.

ఇంటికి ఇద్దరం ఒకే సైకాలో వెళ్లాం. ఆ రిక్షాలో వీపులు ఆనించుకుని కూర్చోవాలి.

"గుద్దుకోడమే అయ్యుంటాదే," అంది పిన్ని వెనకనుంచి. "ఊరికే లాక్కుంటే పక్కది ఊరుకుంటాదేటి?"

"గుద్దుకున్నవన్నీ పేలవు పిన్నీ!" వానలో ముందుకు చూస్తూ అరిచాను. "కొన్ని పేలకుండా ఇంకా చిన్నగా కుంగిపోవచ్చు."

"మల్లీ మొదలెట్టేవా?" అంది.