ఆవును మార్చబోయి

ఈమధ్య మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను, నవ్వితే నవ్వండి. ఆవును అమ్మేద్దామని పట్టుబట్టినవాణ్ణి, ఆఖరికి నేనే ఇల్లు వదిలి వచ్చాను.

మాది మైలవరం. మా సంకరజాతి ఆవు సోనీ, ఇబ్రహీంపట్నంలో ఉండే మా బావమరిది ప్రభుదాసు ఆవు రాణి, ఒకే తల్లి బిడ్డలు. తండ్రి కూడా ఒకే జెర్సీ ఎద్దు. అయినా రాణి బకెట్టు నిండా పాలిస్తుంది, సోనీ సగానికే ఆపేస్తుంది.

నా పద్ధతిలో లోపం లేదు. తెల్లవారక ముందే లేపుతాను. చన్నీళ్లతో కడుగుతాను. పక్కన నిలబడి గట్టిగా ప్రార్థన చేసి, కష్టపడి బతకడం గురించి రెండు మాటలు చెబుతాను. ఆ తర్వాతే దాణా. ఫ్యాను లేదు. మనుషులకే అంత సుఖం పనికిరాదు. ప్రభుదాసు కొట్టంలో చూస్తే ఫ్యాను, స్పీకర్లో సినిమా పాటలు. వాడు లేచినప్పుడే ఆవూ లేస్తుంది.

"ఇది పుట్టుకతోనే బద్ధకస్తురాలు. సంతకు తోలేద్దాం" అన్నాను.

నా భార్య మరియమ్మ దాన్ని దూడగా ఉన్నప్పటి నుంచి సీసాతో పాలు పట్టి పెంచింది. "సోనీని తోలేస్తే దాని వెనకే నేనూ పోతానండీ" అని కళ్లు తుడుచుకుంది.

ప్రభుదాసు మధ్యలో దూరాడు. "బావగారూ, ఒక వారం ఆవుల్ని మార్చుకుందాం. మా ఇంట్లోనూ తక్కువే ఇస్తే అమ్మేయండి. అక్క ఏమీ అనదు."

మంచిదే అనుకున్నాను. సోనీ సోమరితనం అందరికీ తెలుస్తుంది కదా. బండి మాట్లాడి మార్చేశాం.

మొదటి రోజు రాణి నా ప్రార్థన అయ్యేదాకా నా ముఖమే చూస్తూ నిలబడింది. మర్నాడు చన్నీళ్ల బకెట్టు తన్నింది. వారం తిరిగేసరికి సోనీ ఇచ్చినంత కూడా ఇవ్వడం మానేసింది. ఫోన్ చేస్తే ప్రభుదాసు ఒకటే నవ్వు.

"సోనీ బకెట్టు నింపేసి రెండోది ఎక్కడని చూస్తోందండీ. వెనక పాట వినపడుతోందా?"

వినపడుతోంది.

పశువుల డాక్టరు గారిని పిలిపించాను. ఆయన రాణిని అటూ ఇటూ తిప్పి చూశారు. "పుట్టుకలో లోపమేమీ లేదండీ. పెంపకంలోనే ఏదో ఉంది. కొట్టంలో ఎక్కువసేపు ఎవరుంటారు?"

మరియమ్మ చీపురుతో నన్ను చూపించింది.

ఆయన చాలాసేపు గొంతు సవరించుకున్నారు. "ఓ వారం సార్‌ని కొట్టానికి దూరంగా ఉంచి చూడండమ్మా."

రాణిని ఎక్కించిన బండిలోనే నన్నూ ఎక్కించారు. అదే బండి ఇబ్రహీంపట్నం నుంచి సోనీని ఇంటికి తీసుకెళ్లింది. ఇప్పుడక్కడ ఫ్యాను తిరుగుతోంది, అమ్మకం మాట లేదు. బకెట్టు నిండుతోందని మరియమ్మ రోజూ ఫోన్ చేసి మరీ చెబుతోంది.

నేను మాత్రం ఊరు మారానని పద్ధతి మారుస్తానా? చీకటితోనే లేచి రాణి పక్కన ప్రార్థన మొదలుపెట్టాను.

ఈ ఉదయం ప్రభుదాసు సగం బకెట్టుతో కొట్టంలోంచి వచ్చాడు. నాకు కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని, ఎంతో మర్యాదగా అడిగాడు.

"బావగారూ, బెజవాడలో మీకు స్నేహితులెవరైనా ఉన్నారా? ఆవులు లేనివాళ్లు?"