మేస్త్రీ మణికట్టు

రైఫిల్ క్లబ్బు వెనక, నీళ్ళ ట్యాంకుకూ సైకిల్ స్టాండుకూ నడుమ, పదడుగుల పొడవూ ఏడడుగుల వెడల్పూ గల గది ఒకటుంది. తలుపు మీద 'ఆయుధ మరమ్మతు విభాగం' అని బోర్డు. విభాగమంతా కలిపి ఒక బల్ల, దానికి బిగించిన, ఇనుమును కరిచిపట్టే ఒక వైసు, ఒక స్టూలు, ఒక మేస్త్రీ. ఈ నాలుగింటిలో రిటైరుమెంటు తేదీ ఉన్నది మేస్త్రీకి ఒక్కడికే. మిగతా మూడూ ఎప్పుడో రిటైరు కావలసినవే గానీ, వాటి పుట్టినతేదీలు ఎవరూ రాసిపెట్టలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా మేస్త్రీ ఆ స్టూలు మీద కూర్చుని మనుషుల అబద్ధాలు వింటున్నాడు. గురి తప్పినవాడెవడూ 'నా గురి తప్పింది' అని ఆ గుమ్మం తొక్కలేదు. "గొట్టం అరిగినట్టుంది మేస్త్రీ" అనేవాడొకడు, "ట్రిగ్గర్ బరువెక్కింది" అనేవాడింకొకడు. ఒక బ్యాంకు మేనేజరైతే తూర్పు గాలి వీస్తే తన రైఫిల్‌కు మాత్రమే పడదని కాగితం మీద బొమ్మ గీసి నిరూపించాడు. అందరికీ మేస్త్రీ జవాబు ఒకటే.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో. మద్దెల బానే ఉంది సార్."

అని రైఫిల్ తిరిగి ఇచ్చేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ సామెత అతనికి జీతం తెచ్చిపెట్టే పనిముట్లలో ఒకటైపోయింది. చెప్పీ చెప్పీ ఈమధ్య సగంలోనే ఆపేస్తున్నాడు. "ఆడలేక..." అనగానే వచ్చినవాళ్ళు తలొంచుకుని వెళ్ళిపోతారు.

అలాంటివాడి ఇంట్లోనే, అతని కోడలే ఆటగత్తె అయి కూర్చుంది. కోడలు ఆసుపత్రిలో నర్సు. కొడుకు రైలు గార్డు. ఇంట్లో కన్నా రైల్లో ఎక్కువ కాపురం చేస్తాడు. మూడేళ్ళ కిందట మామగారు మరిచిపోయిన కళ్ళజోడు ఇచ్చిపోదామని క్లబ్బుకు వచ్చిన పిల్ల, ఎవరో సరదాకి అడిగితే చాప మీద బోర్లా పడుకుని పది గుళ్ళు కాల్చింది. పదీ ఒక గచ్చకాయంత మేరలో పడ్డాయి. అప్పటిదాకా అత్తగారి దృష్టిలో ఆ పిల్ల అన్నం పలుకుగా వండుతుంది, అంతే. ఆ రోజు నుంచి మామగారి దృష్టిలో దైవాంశ సంభూతురాలు.

సొంత రైఫిల్ కొనే తాహతు లేదు. క్లబ్బు బీరువా అడుగున, మేస్త్రీ కన్నా ఆరేళ్ళు మాత్రమే చిన్నదైన ఇరవై రెండు బోరు రైఫిల్ ఒకటి పడి ఉంది. తూటా చిటికెన వేలి గోరంత వెడల్పు కూడా ఉండదు. యాభై మీటర్ల దూరాన చొక్కా గుండీ అంత మధ్య వలయంలో పడాలి. సెక్రటరీ గారు ఆ రైఫిల్‌ను గోడకు అలంకారంగా తగిలిద్దామనుకుంటున్నారు. మేస్త్రీ అడ్డంపడ్డాడు.

"ఆర్నెల్లు నాకొదిలెయ్యండి సార్. తర్వాత గోడకు కొడతారో, నన్నే కొడతారో మీ ఇష్టం."

ఆర్నెల్లూ మేస్త్రీ తపస్సు చేశాడని చెప్పాలి. జుట్టు ముందే లేదు గనక జడలు కట్టలేదంతే. గొట్టం మూతి దగ్గర వెంట్రుకంత నొక్కు ఉంటే సానబెట్టి సరిచేశాడు. ట్రిగ్గర్‌ను, వేలు అనుకోగానే కదిలేంత తేలిక చేశాడు. ఇనుప భాగం చెక్కలో కూర్చునే గాడిని తొలిచి, రెండు డబ్బాల జిగురు కలిపి పోసి, మూడు రోజులు ఆరబెట్టి, ఇనుమూ చెక్కా పుట్టినప్పటి నుంచీ కలిసే ఉన్నాయా అన్నట్టు అతికించాడు. రైఫిల్ భుజానికి ఆనే మడమకు కోడలి కొలత ప్రకారం చెక్క ముక్కలు చేర్చాడు. తొమ్మిది రకాల తూటాల పెట్టెలు తెప్పించి, ఒక్కొక్కటీ బల్ల మీద నుంచి కాల్చి, రైఫిల్‌కు ఏది నచ్చుతుందో ఓపిగ్గా అడిగాడు. కన్నకొడుక్కి ఏ కూర ఇష్టమో ఇంతవరకూ తెలియదు అతనికి.

చివరగా ఇనుమునూ చెక్కనూ కలిపి పట్టే బోల్టులు రెండు. ఆ రెండింటి బిగువు మీదే సర్వమూ ఆధారపడి ఉంటుంది. ఎంత బిగించాలో రైఫిల్‌తో వచ్చిన కాగితంలో ఉంది: ఐదు. అది కొలిచే ముల్లున్న రెంచీ ఒకటి క్లబ్బుకు ఉండేది గానీ, రెండో సెక్రటరీ గారి హయాములో పోయింది. అప్పట్నుంచీ మేస్త్రీ మణికట్టే కొలబద్ద.

"మరకు నోరుండదు గానీ మణికట్టుకు చెవులుంటాయి. చాలు అనగానే వినపడుతుంది నాకు" అనేవాడు.

ఆ మాట ఎక్కువగా అన్నది బావమరిదితో. బావమరిది బస్టాండు వెనక మోటారుసైకిళ్ళు బాగుచేస్తాడు. ప్రతి చిన్న బోల్టుకూ ముల్లు రెంచీ పట్టుకుంటాడని మేస్త్రీ అతనికి 'గడియారం' అని పేరు పెట్టాడు. పేరు ఊరంతా పాకింది. పెళ్ళి కార్డులు కూడా ఆ పేరుతోనే వస్తున్నాయి.

బల్ల మీద బిగించి కాలిస్తే పది గుళ్ళకు పదీ ఒకే చిల్లులో దూరాయి. మేస్త్రీ ఆ కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. పట్టాభిషేకం పూర్తయింది.

కానీ కోడలు చేతిలో రైఫిల్ సగం దారి మంచిగా నడిచి సగంలో మొరాయించడం మొదలుపెట్టింది. పోటీకి అరవై గుళ్ళు. మొదటి ముప్పై ముత్యాలు పేర్చినట్టు పడేవి. తర్వాత ఒకటి పైకి, ఒకటి కుడికి, ఒకటి ఎటో. ఒక ఆదివారం అలాగే, రెండో ఆదివారం అలాగే, మూడోదీ అంతే.

"ఏదో కదులుతున్నట్టుంది మావయ్యా" అంది కోడలు.

మేస్త్రీ రైఫిల్ తీసుకుని, ప్రతి ఆదివారం లాగే బోల్టులు మణికట్టుతో మళ్ళీ బిగించి, బల్ల మీద పది గుళ్ళు కాల్చి చూశాడు. పదీ ఒకే చిల్లు.

"రైఫిల్‌లో ఏమీ లేదమ్మా. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చి పడుకుంటున్నావు. ముప్పై దాటేసరికి ఒళ్ళు అలిసిపోతోంది. ఊపిరి నిలవట్లేదు. ఆడలేక..."

అని ఆపేశాడు. కోడలు తలొంచుకుంది. మేస్త్రీకి అదోలా అనిపించింది గానీ, శాస్త్రం శాస్త్రమే.

గురువారం నాడు బట్టలు ఆరేస్తూ ఆ పిల్ల అత్తగారితో అంటుంటే గదిలోంచి విన్నాడు.

"ఈ ఆదివారం సెలక్షన్ అత్తయ్యా. ఆరుగుర్ని తీసుకుంటారు. ఇదీ పాడైతే మానేస్తాను. పడుకునే టైమంతా అక్కడే పోతోంది. మావయ్య చెప్పింది నిజమే, నా ఒంట్లో అంత లేదేమో. చేతకాని పని పట్టుకు వేళ్ళాడ్డం దేనికి?"

"ఊరుకోవే, ముప్పై రెండేళ్ళకే ఒంట్లో లేదంటే నాకేం మిగిలిందిక?" అంది అత్తగారు.

మేస్త్రీ మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అలసట అంటువ్యాధి లాంటిది. ఆ పిల్ల మాటలు వింటుంటే అతని మోకాళ్ళు నొప్పెట్టాయి.

శుక్రవారం పొద్దున పెరట్లో కుళాయి కారింది. అందులో వింతేమీ లేదు. ఏడాదిగా కారుతూనే ఉంది. మేస్త్రీ మొహం కడుక్కుని కుళాయి కట్టేసి వచ్చిన కాసేపటికి చుక్క మొదలవుతుంది. ఈ ఏడాదిలో మూడు వాషర్లు మార్చాడు. నాలుగోదాని కోసం పనిముట్ల సంచి తీసుకుని పెరట్లోకి బయల్దేరితే, భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మళ్ళీ విప్పుతారా దాన్ని?"

"వాషర్ పోయినట్టుందే."

"వాషర్ బంగారంలా ఉంది. మీరు కట్టేస్తే కారుతుంది, నేను కట్టేస్తే కారదు. ఏడాదై మీ వెనకాలే వచ్చి నేనే బిగిస్తున్నా. ఇవాళ పాలు పొంగుతుంటే రాలేకపోయా, అంతే."

మేస్త్రీ సంచి కింద పెట్టాడు.

"ఏడాదై? మరి చెప్పవేం?"

"చెబితే ఊరుకుంటారా? కుళాయి విప్పుకుని కూర్చుంటారు. ఆ చుక్కలు కారడమే నయం."

ఆవిడ వెళ్ళి కుళాయిని రెండు వేళ్ళతో ఇంకో పావు తిప్పు తిప్పింది. చుక్క ఆగిపోయింది. మేస్త్రీ తన కుడిచేతిని, అద్దెకు ఉంటున్నవాడు చెప్పకుండా ఖాళీ చేసిన గదిని చూసినట్టు చూసుకున్నాడు. చూసేకొద్దీ ఒక్కొక్క లెక్కా తేలసాగింది. బోల్టు 'చాలు' అన్నట్టు వినపడింది అతనికే గాని బోల్టు అనలేదు. చెయ్యి అలిసిపోయి తనే 'చాలు' అని సంతకం పెట్టేస్తోంది. అరకొరగా బిగిస్తే పది గుళ్ళకు ఏమీ కాదు. ముప్పై దాటాక, అదిరీ అదిరీ ఇనుము చెక్కలో కదులుతుంది. తను బల్ల మీద కాల్చేది ఎప్పుడూ పదే.

ముప్పై దాటాక అలిసిపోయింది కోడలు కాదు.

సాయంత్రం బస్టాండు వెనక్కి నడిచాడు. నడిచాడు అనడం మర్యాదకే. కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాడు.

"ఏం బావా, దారి తప్పావా?" అన్నాడు గడియారం, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

"ఆ ముల్లు రెంచీ ఇటివ్వు."

గడియారం గుడ్డ కింద పడేశాడు. "ఏదీ, మళ్ళీ అను. చెవిలో గ్రీజు ఉన్నట్టుంది."

"చంపకురా. ఇవ్వు."

వెంట తెచ్చిన రైఫిల్‌ను బల్ల మీద పెట్టి, మేస్త్రీ మామూలు పానాతో బోల్టు బిగించాడు, మణికట్టు చాలు అనేదాకా. తర్వాత గడియారం ముల్లు రెంచీ తగిలించి, బోల్టు కదలబోయేదాకా మెల్లగా తోశాడు. ముల్లు మూడు దాటి కొంచెం వెళ్ళేసరికే బోల్టు కదిలింది.

ఇరవై ఏళ్ళుగా ఈ ఘడియ కోసం దాచిపెట్టుకున్న మాటలు గడియారం దగ్గర ఓ గంపెడు ఉంటాయి. ముల్లు చూశాడు, బావ మొహం చూశాడు. ఒక్కటీ బయటికి తియ్యలేదు.

"టీ తాగుతావా బావా?" అన్నాడు.

ఆ మర్యాదకే మేస్త్రీకి ఎక్కువ బాధేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం పొద్దున క్లబ్బులో, పోటీకి ముందు గురి సరిచూసుకునే వేళకు ముందే, మేస్త్రీ కోడలి చాప దగ్గరికి వెళ్ళాడు. పక్కన సెక్రటరీ గారూ, బ్యాంకు మేనేజరూ, ఇంకో నలుగురూ ఉన్నారు. ఉండాలనే ఆగాడు. గుట్టుగా చెబితే సగమే చెప్పినట్టవుతుందని అతని భయం.

"అమ్మా, ఈ బోల్టులు నువ్వే బిగించు. ముల్లు ఐదు మీదికి రావాలి."

"మీరుండగా నేనేంటి మావయ్యా?"

"నా చెయ్యి మూడు దగ్గరే పడుకుంటోంది. ఏడాదిగా ఇంతేట. మూడు ఆదివారాలూ నీ ఊపిరి కాదు, నా మణికట్టు. మద్దెల ఓడే."

బ్యాంకు మేనేజరు దగ్గాడు. సెక్రటరీ గారు ఆకాశం వంక చూశారు. కోడలు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక బోల్టూ తర్వాత రెండోదీ బిగించింది. రెండుసార్లూ ముల్లు ఐదు మీద నిలిచింది. బిగువు మారితే గురీ మారుతుంది గనక, లెక్కలోకి రాని గుళ్ళు కొన్ని కాల్చి సరిచూసుకుంది. తర్వాత పోటీ గంట మోగింది.

మేస్త్రీ దుర్భిణి పట్టుకుని వెనక కుర్చీలో కూర్చున్నాడు. మొదటి పదిలోనే ఐదు పాయింట్లు పోయాయి. రెండో పది కుదుటపడింది, మూడోదీ కుదురుగా సాగింది. ముప్పై ఒకటో గుండు మధ్యలో పడింది. ముప్పై ఐదు. నలభై. మేస్త్రీ ఊపిరి బిగబట్టాడు; ఊపిరి బిగబట్టవలసింది తను కాదన్న సంగతి మరిచిపోయాడు. యాభై. అరవై. చివరి ముప్పైలో పోయినవి మూడే మూడు పాయింట్లు.

గోడ మీద జాబితా అంటించారు. కోడలిది ఏడో స్థానం. ఆరోవాడికీ ఆమెకూ తేడా ఒక్క పాయింటు. ఎవరికైనా జ్వరమొస్తే వెళ్ళాల్సిన మనిషి అన్నమాట.

మేస్త్రీ జాబితా ముందు అలాగే నిలబడిపోయాడు. ఒక్క పాయింటు. మూడు ఆదివారాలు సరైన రైఫిల్‌తో సాధన చేసి ఉంటే ఆ ఒక్కటీ ఎక్కడికి పోయేది?

"ఏమ్మా, ఆ మొదటి పదీ కూడా నా..."

"కాదు." కోడలు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్రలేక. "నిన్న పదహారు గంటలు డ్యూటీ. మొదటి పదిలో కళ్ళు మసకేశాయి. అవి నావే మావయ్యా. మీకివ్వను."

"మానేస్తానన్నావుగా?"

"అది నావల్ల కాదనుకున్నప్పుడు." చాప చుట్టి చంకలో పెట్టుకుంది. "వచ్చే ఏడు సెలక్షన్‌కి ముందు రోజు డ్యూటీ వేస్తే మాత్రం మేట్రన్‌తో దెబ్బలాడతా. పదండి, నిద్రొస్తోంది."

సోమవారం పొద్దున మేస్త్రీ నోటీసు బోర్డు మీద స్వహస్తాలతో ఒక ప్రకటన అంటించాడు. 'గత సంవత్సర కాలంలో ఈ విభాగంలో బిగించబడిన ఇరవై మూడు రైఫిళ్ళనూ తిరిగి తీసుకురావలసిందిగా మనవి. కారణం: మేస్త్రీ మణికట్టు.' సెక్రటరీ గారు కారణం కొట్టేసి 'సాంకేతిక లోపం' అని రాద్దామన్నారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. సాంకేతికానికి ఏ పాపమూ తెలియదన్నాడు.

ఇక చెప్పేదేముంది? మద్దెల ఓడని మద్దెల చేసినవాడే ఒప్పుకున్నాక ఆడలేనివాళ్ళకు పండగే. పదింటికల్లా విభాగం ముందు వరస కట్టారు. ఇరవై మూడు రైఫిళ్ళు రావాలి, ముప్పై ఒకటి వచ్చాయి. బ్యాంకు మేనేజరు రైఫిల్ చివరిసారి మేస్త్రీ చేతికి వచ్చి మూడేళ్ళయింది. అయినా అందరికన్నా ముందు నిలబడ్డాడు.

"నేనప్పుడే చెప్పాను మేస్త్రీ" అన్నాడు.

మేస్త్రీ 'ఆడలేక' దాకా వచ్చి మింగేశాడు. సంచిలోంచి ముల్లు రెంచీ తీసి, స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"అవును సార్, చెప్పారు. ఇలా ఇవ్వండి."