బెట్టకు వదిలిన తోట

ఇన్నేళ్లలో నేను అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకు మా బావ జవాబు చెప్పలేదు. ఎప్పుడు అడిగినా వినబడనట్టు తల తిప్పి, "అన్నం తిన్యావా?" అంటాడు. మొన్న పులివెందులలో ఒక నర్సరీ ప్రారంభానికి పిలిస్తే వెళ్లాను. వేదిక మీద బావకు శాలువా కప్పి, చదువు ముగించి తోటల కన్సల్టెంట్లుగా దిగుతున్న పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. ఆయన చెప్పింది నా కథ. అందులో నేను మాత్రం లేను. మూడో వరుసలో కూర్చుని పక్కవాళ్లతో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చాక ఆ చప్పట్లు తలుచుకునే ఎక్కువ సిగ్గుపడ్డాను.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సలహాకు ఫీజు అంటే నవ్వేవాళ్లు. వ్యవసాయ పట్టా చేతికి రాగానే ప్రొద్దుటూరులో గాజుల అంగడి పైన గది తీసుకుని, పేరు కింద 'కన్సల్టెంటు' అని బోర్డు రాయించాను. మెట్లెక్కి వచ్చినవాళ్లంతా గాజుల కోసం దారి తప్పినవాళ్లే. రైతులు తెగులు పట్టిన ఆకు తుంచుకుని నేరుగా మందుల అంగడికి పోయేవాళ్లు. జమ్మలమడుగులో అలాంటి అంగడి మా బావదే. మా అక్క పోరు పడలేక ఆయన నన్ను పులివెందుల దగ్గర ఒక పెద్ద చీనీతోట ఆసామి దగ్గరికి తీసుకుపోయాడు. ఆ తోటలో నా మాట నిలిస్తే చుట్టుపక్కల ఊళ్లు పిలుస్తాయి, లేకపోతే బోర్డు దించి ఏ ఎరువుల కంపెనీలోనో చేరాల్సిందే.

చీనీ, అంటే బత్తాయి చెట్టు, బాగా పూయాలంటే ముందు దాన్ని కొన్నాళ్లు నీళ్లు లేకుండా ఎండగట్టాలి. బెట్టకు వదలడం అంటాం. ఆకు వాడి కొంత రాలాక పాదులు తవ్వి, ఎరువేసి, నీళ్లిస్తే కొమ్మకొమ్మకూ పూత వస్తుంది. అక్కడి రైతులకు ఇది నేను నేర్పాల్సిన పని కాదు. అయితే ఆ తోటది నల్లరేగడి, తేమ లోపల దాక్కుంటుంది. గుంత తవ్వి చూపిస్తే బావ కూడా ఇంకా ఆగాల్సిందేనన్నాడు. ఆసామి మనసాగక నీళ్లు వదలబోతుంటే, అన్నదమ్ములూ పక్కతోటవాళ్లూ కూలీలూ అందరూ వింటుండగా, మీరు తొందరపడుతున్నారు, ఇంకొక వారం ఆగండి అనేశాను. మాట తప్పు కాదు, చెప్పిన చోటు తప్పు. బావ ఔనన్నట్టు తలాడించాడు. కళ్లారా చూశాను.

ఆ వారం ఎండ మండింది, గాలి తోలింది. ఆకు అనుకున్నదానికంటే ఎక్కువే రాలింది. మళ్లీ మేం వెళ్లేసరికి గట్టు మీద జనం.

"ఏందప్పా, చెట్లను సంపేదానికా నువ్వు సదివింది?" అన్నాడు ఆసామి. బావ వైపు తిరిగి, "యాడ పట్టుకొచ్చినావు ఈయప్పను?" అన్నాడు.

"నేను అప్పుడే సెప్తి మామా, ఇంగా ఎండగట్టేది వద్దని. ఇంటే కదా! సదువుకున్యోళ్లకు మన మాట యాడ ఎక్కుతాది?" అన్నాడు మా బావ.

వెనక నుంచి ఎవరో, "ఆ బోర్డు పీకి పొయ్యిలో పెట్టుకోప్పా, ఒక పూట సంగటన్నా ఉడుకుతాది" అన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది బావే.

ఎర్రగుంట్ల దాకా బస్సులో నిలబడే వచ్చాను, సీటు ఖాళీగా ఉన్నా.

నీళ్లు పారాక ఆ తోట విరగబూసింది. నాకు కబురు రాలేదు. తొలి కాయలు గంపలకెత్తి బావ అంగడికి పంపారు. గట్టు మీద ఆయన వద్దన్నానన్నది అందరూ మరిచిపోయారు, వారం ఆపించిన మొనగాడు ఆయనేనని పేరొచ్చింది. నేనూ నేర్చుకున్నాను. గట్టు మీద నోరు మూసుకోవడం, తర్వాత ఆసామితో ఒంటరిగా చెట్ల మధ్య నడుస్తూ, మీకూ ఆగాలనే ఉన్నట్టుందే అనడం, ఆ మాట ఆయన నోట రాగానే మెచ్చుకోవడం. అట్లాగే నిలదొక్కుకున్నాను, ఖాజీపేట దాకా తోటలు చూశాను. ఒక్క తోటలోనూ నా మాట నా మాటగా మిగల్లేదు. పైకి రావడమంటే ఇంతేనా అని అప్పుడూ సిగ్గేసింది, ఇప్పుడూ వేస్తోంది. ఆ తోట పక్కగా బస్సు పోతుంటే అవతలి కిటికీలోకి చూస్తాను.

ఇప్పటి పిల్లలు ఫోన్లో ఆకు ఫోటో చూసి ఇంట్లో కూర్చునే మందు చెబుతున్నారు. పదిమందిలో మాట పడే పని లేదు, సంతోషమే. కానీ రేగడి మట్టిని పిడికిట్లో పట్టి చూడటమూ, రాలిన ఆకు చూసి ఆసామి మొహంలో కదిలే భయమూ వాళ్లకు తెలియకుండానే పోతున్నాయి.

అక్క ఉన్నన్నాళ్లు ఆమె మొహం చూసి గొంతు పెంచలేదు. మొన్న సభ అయ్యాక మళ్లీ అడిగాను. బావ నా భుజం తట్టి, "భోజనాలకు లేటయితాంది, పా. అన్నం తిన్యావా?" అన్నాడు. తినకుండా వచ్చేశాను.

వచ్చే వారం నీ అంగడికి వస్తున్నాను బావా, ఇంట్లో కడుపునిండా తినే వస్తాను. ఆ రోజు తలాడించినవాడివి, వద్దన్నానని ఎందుకు చెప్పావు? ఈసారి దానికి జవాబు చెప్పు.