నాభి దగ్గర గుమ్మడికాయ

ఆకాశంలో ఎక్కడో తిరిగే ఉపగ్రహానికీ, పలమనేరులోని మా జూనియర్ కాలేజీకీ మధ్య సంబంధం తెంచేసిన ఘనుణ్ని నేనే. పిడుగు పడలేదు, గాలివాన రాలేదు. ఒక్క బూడిద గుమ్మడికాయతో పని కానిచ్చాను. పైగా నేను ఆ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ని. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. కాకపోతే కొంచెం దాచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

ఇప్పటి పిల్లలు ఫోను చేతిలో పట్టుకుని, మంచం మీద పడుకుని, ఎక్కడో ఉన్న మాస్టారిని చూస్తూ పాఠం వింటున్నారు. మాస్టారికి తాము కనబడకుండా కెమెరా ఆపుకునే సౌకర్యం కూడా ఉంది. మా కాలేజీకి మొదట వచ్చింది క్యాసెట్టు పాఠం. క్యాసెట్టులో మాస్టారు మహా మొండిమనిషి. మనం ఏమడిగినా తన ధోరణి తనదే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా మిద్దె మీద డిష్ పెట్టాక అసలు వింత మొదలైంది. హైదరాబాదు స్టూడియోలో మాస్టారు నోరు తెరిస్తే మా హాల్లో టీవీలో మాట వినబడేది. అర్థం కాకపోతే ఫోన్ చేసి అడగొచ్చు. ఆయన మాకు కనబడతారు, మేం ఆయనకు కనబడం, మా గొంతు మాత్రం వెళుతుంది. ఆ గొంతు ఆయనొక్కరికే కాదు, ఆ పాఠం చూస్తున్న కాలేజీలన్నిటికీ వినబడుతుంది. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆ డిష్ మాకు ముచ్చట కోసం వచ్చింది కాదు. మా కాలేజీలో లెక్కల లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉండేది. ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ పిల్లలకు లెక్కలు చెప్పే దిక్కు ఆ టీవీ ఒక్కటే. అందులో నాగవేణి అనే అమ్మాయికి లెక్కలంటే ప్రాణం. వాళ్ల నాయన గంగిరెడ్డి డెయిరీకి పాలు పోసే రైతు. డిష్ పెట్టిన రోజు ఆయన హాల్లోకి వచ్చి, టీవీని ముందూ వెనకా చూసి నన్ను పక్కకు పిలిచాడు.

“సార్, టీవీలో ఆయప్ప మన పిల్లోళ్లను చూస్తా ఉంటాడా?”

“లేదన్నా. మనమే ఆయన్ను చూసేది.”

“మరి ఎవురు నిద్రపోతా ఉండారో ఆయనకెట్ల తెలుస్తాది?”

“తెలీదన్నా.”

“అయితే మంచి సారే,” అని, అసలు మాట చెప్పాడు. “లెక్కల సారు లేకుండా లెక్కల గ్రూపేంది సార్? సీఈసీలో చేర్పిస్తామనుకున్నా. బిడ్డ ఏడ్చింది. ఈ టీవీ సారు వచ్చేంతవరకూ చదవనీ. ఆయన రాకుండా పోతే, ఒక ఏడాది పోయినా పోనీ, నేను ఆ గ్రూపు మార్పిచ్చేస్తా.”

అక్కడే బెంచీ మీదున్న నాగవేణి నా వైపు చూసింది. ఆ డిష్‌ను కంటికి రెప్పలా చూసుకుంటానని ఆ పూటే నిర్ణయించుకున్నాను. అదే కొంప ముంచింది.

మా కాలేజీ బెంగుళూరు రోడ్డు మీదే ఉంది. బస్సుల్లో పోయేవాళ్లు కిటికీలోంచి తలలు బయటపెట్టి మరీ మా మిద్దె వైపు చూసేవాళ్లు. కామర్స్ చెప్పే మా ప్రిన్సిపాల్‌కి ఇది చూసి గుబులు పుట్టింది.

“ఏమప్పా, వచ్చేవాళ్ల కండ్లు, పొయ్యేవాళ్ల కండ్లు అన్నీ దానిమీదే ఉండాయి. ఏదన్నా కట్టప్పా.”

నేను సైన్సు మనిషిని కాబట్టి నవ్వాను. ఆ సాయంత్రమే గాలికి టీవీలో బొమ్మ కాసేపు అదిరిందని విన్నాను కాబట్టి మర్నాడు నవ్వడం మానేశాను. ఆదివారం గంగిరెడ్డి తన తోటలో కాసిన వాటిల్లోకెల్లా పెద్ద బూడిద గుమ్మడికాయను సైకిల్ మీద తెచ్చిచ్చాడు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఉట్టిలాంటి తాళ్లలో కూర్చోబెట్టాం. ఇక ఎక్కడ కట్టాలన్నది ప్రశ్న.

“గేటుకు కడితే చాలు గదా,” అన్నాడు ప్రిన్సిపాల్.

మామూలు మనిషయితే గేటుకే కట్టేవాడు. నేను చదువుకున్నవాణ్ని. డిష్ ముందు నుంచి మూడు కడ్డీలు బయటికి వచ్చి ఒకచోట కలుస్తాయి. అక్కడొక చిన్న డబ్బా ఉంటుంది. పైనుంచి సమాంతరంగా వచ్చిన కిరణాలన్నీ డిష్‌కు తగిలి, వెనక్కి మళ్లి ఆ డబ్బా దగ్గర కలుస్తాయి. దాన్ని నాభి అంటారు. నేను ఏటా చెప్పే పాఠమే అది. కాబట్టి నాకు తోచిందేమిటంటే, కిరణాలన్నీ అక్కడ కలిస్తే ఊళ్లోవాళ్ల చూపులు కూడా అక్కడే కలవాలి. చూపులు కలిసే చోట గుమ్మడికాయ ఉండాలి. ఇంత చక్కటి ఆలోచన వచ్చినందుకు నాకు నేనే మురిసిపోయి, సరిగ్గా ఆ డబ్బా ముఖానికి ఎదురుగా, దానికి ఏమీ కనబడకుండా కాయను కట్టి కిందికి దిగాను.

సోమవారం టీవీ పెడితే నీలం రంగు తప్ప ఏమీ లేదు.

నేను స్టూడియోకి ఫోన్ చేశాను. లెక్కల మాస్టారే తీశారు.

“పలమనేరు నుంచి సార్. మాకు బొమ్మ రావడం లేదు.”

“డిష్‌కు ఎదురుగా ఏదైనా అడ్డం వచ్చిందేమో చూశారా? చెట్టు కొమ్మలాంటిది?”

“అలాంటివేమీ లేవు సార్. దిష్టి కూడా తగలకుండా చూసుకుంటున్నాం.”

ఆయన మెకానిక్‌ను పిలిపించుకోమన్నారు. తిరుపతి నుంచి మెకానిక్ వచ్చాడు. మిద్దె ఎక్కి, పసుపు కుంకుమలతో ఉన్న కాయను చూసి చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. దానికి తగలకుండా ఒద్దికగా వంగి వైర్లన్నీ పట్టి చూశాడు. “దిష్టి కాయను ముట్టుకోకూడదు గదా సార్,” అన్నాడు. “కూడదప్పా,” అన్నాను నేను. చివరికి తప్పంతా టీవీ పక్కనున్న పెట్టెదని తేల్చి, దాన్ని తిరుపతికి తీసుకుపోయి, బాగుచేయించి తెచ్చి పెట్టాడు. టీవీ నీలంగానే ఉంది. ఆ వారమంతా ఎందరో మిద్దె ఎక్కారు. అందరూ కాయను చూశారు, కొందరు దండం కూడా పెట్టుకున్నారు.

అవతల హైదరాబాదులో సమాకలనం, అదే ఇంటిగ్రేషన్, పాఠం నడిచిపోతోంది. పోయిన పాఠం మళ్లీ రాదు. నాగవేణి పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“సార్, ప్రతి జవాబు చివరా ప్లస్ సి అని రాస్తా ఉండారే, ఆ సి యాడ్నుంచి వచ్చింది?”

“పుస్తకంలో ఉండాది గదమ్మా. రాయాల.”

“రాస్తా సార్. దాన్ని ఎవురు పెట్టినారు, ఎందుకు పెట్టినారు అని అడుగుతా ఉండా.”

నాకూ ఆ ప్రశ్న చదువుకునే రోజుల్లో వచ్చిందే. అడగడానికి భయపడి సి రాసేసి పాసయిపోయాను. ఆ పిల్ల ముందు సిగ్గేసింది.

శుక్రవారం గంగిరెడ్డి వచ్చి హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

“ఈ పొద్దు కూడా ఆ సారు రాకపోతే ప్రిన్సిపాల్‌తో మాట్లాడేస్తా సార్. నీలం రంగు చూసేదానికి కాలేజీ ఎందుకు?”

నాగవేణి తల దించుకుంది. బొమ్మ రాకపోతే పోనీ, ఫోను ఉంది కదా, ఆ పిల్ల ప్రశ్నయినా పంపిద్దామని స్టూడియోకి కలిపాను.

“పలమనేరా? బొమ్మ వచ్చిందా?” అన్నారు మాస్టారు.

“లేదు సార్. మా అమ్మాయి ఒక సందేహం...”

అంతలో మా నెత్తిమీద మిద్దె దద్దరిల్లింది. వారం రోజులుగా గాలికి ఇనపకడ్డీని రాసుకున్న తాడు ఇక నా వల్ల కాదంది. ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే టీవీలో మాస్టారు ప్రత్యక్షమయ్యారు. చెవి దగ్గర ఫోను పట్టుకుని, నావైపే చూస్తున్నట్టు నిలబడి ఉన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

“ఏమిటా శబ్దం?” టీవీలోంచి, ఫోనులోంచి ఒకేసారి అడిగారు.

మిద్దె మీదికి పరిగెత్తిన గంగిరెడ్డి పసుపు అంటిన ఒక చెక్క చేతిలో పట్టుకుని దిగి వచ్చి, నా పక్కన నిలబడి గట్టిగా చెప్పాడు. “సార్, మన గుమ్మడికాయ పగిలిపోయినాది.”

“గుమ్మడికాయా?” అన్నారు మాస్టారు. “ఎక్కడుండేది?”

నాకు అప్పుడు వెలిగింది. కాయ నిండా నీళ్లు, కాయకు వెనక డబ్బా, డబ్బాకు చేరకుండా ఆ నీళ్లలోనే ఆగిపోయిన కిరణాలు. ఏటా బోర్డు మీద నేనే గీసే బొమ్మ కళ్లముందు తిరిగింది.

“నాభి దగ్గర సార్.”

“అక్కడ ఎవరు కట్టారు?”

“ఫిజిక్స్ లెక్చరర్ సార్.”

“ఆయన్ని ఒకసారి పిలవండి.”

“మాట్లాడుతున్నది ఆయనే సార్.”

టీవీలో మాస్టారు కొంతసేపు కనబడలేదు. బల్ల కిందికి వంగారు. పైకి లేచేసరికి కళ్లు తుడుచుకుంటున్నారు. నేను ఫోను నాగవేణికి ఇచ్చేశాను. ఆ పిల్ల మాత్రం తడుముకోకుండా తన ప్రశ్న అడిగింది.

“మంచి ప్రశ్నమ్మా,” అన్నారాయన. “విడిగా ఉన్న అంకెను అవకలనం చేస్తే మాయమైపోతుంది కదా. మనం సమాకలనంతో వెనక్కి వచ్చేటప్పుడు అక్కడ ఏదో ఉండేదని తెలుసు, ఎంతుండేదో తెలియదు. దాని చోటు ఖాళీగా వదిలేయకుండా సి అని రాస్తాం. మీ సార్ కట్టిన కాయ చూడు. ఇప్పుడక్కడ లేదు. అలాగని అది ఎప్పుడూ లేనట్టు లెక్క చేస్తే, వారం రోజులు మీకు బొమ్మ ఎందుకు రాలేదో ఎవరికీ అర్థం కాదు.”

నాగవేణి మొహం విప్పారింది. “తెలిసింది సార్,” అంది. అన్ని కాలేజీలకూ వినబడేలా అంది.

గంగిరెడ్డి చేతిలో చెక్కను కిటికీలో పెట్టి నా దగ్గరికి వచ్చాడు. “ఈ సారు మంచోడు సార్. లెక్క చెప్పేదానికి మన కాయే వాడుకున్నాడు. బిడ్డను ఈ గ్రూపులోనే చదవనీ.”

మర్నాడు ఆయన ఇంకా పెద్ద కాయ తెచ్చాడు. ప్రిన్సిపాల్ మహా ఉత్సాహంగా ఉన్నాడు. “చూసినావాప్పా, మొదటి కాయ దిష్టంతా తీసుకుని పగిలింది, బొమ్మ వచ్చింది. ఇంకోటి కట్టు.” నేను ఫిజిక్స్ మొత్తం చెప్పినా ఆయన కదల్లేదు. చివరికి స్టాఫ్‌రూంలో నా కుర్చీ పైన కట్టిస్తే చాలన్నాను. “అదీ నిజమేలే, ఇప్పుడు అందరి కండ్లూ నీమీదే ఉండాయి,” అని ఒప్పుకున్నాడు.

సాయంత్రం చిత్తూరు కాలేజీలో పనిచేసే స్నేహితుడు ఫోన్ చేశాడు. “నీ పుణ్యాన మా పిల్లోళ్లు ఇంక ప్లస్ సి మర్చిపోరబ్బా. జవాబు చెప్పి, కడాకు అందరూ కలిసి ప్లస్ గుమ్మడికాయ అంటా ఉండారు.”

కాబట్టి ఆ కుర్చీలో, ఆ కాయ కింద కూర్చుని, కుడిచెయ్యి ఎత్తి గంభీరంగా ప్రమాణం చేశాను. ఆకాశానికీ, పిల్లల ప్రశ్నకూ మధ్య కాయ గాని, పండు గాని, నా తెలివితేటలు గాని ఇకమీదట అడ్డం పెట్టను. ఈ ప్రమాణంలో నేను మర్చిపోయింది ఇంకేమైనా ఉంటే, చివర ప్లస్ గుమ్మడికాయ అని రాసుకోండి.