రూతు పెళ్లికి వాసన లేని పూలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానలు మొదలైన రోజుల్లో, నన్ను ఉద్యాన అధికారిగా టెక్కలికి బదిలీ చేశారు. కొబ్బరి, జీడి తోటలు తనిఖీ చేయడం, ప్లాస్టిక్ కప్పుతో పాలీహౌస్‌లు వేసుకునే రైతుల దరఖాస్తులు చూసి రాయితీకి సిఫారసు చేయడం నా పని. నా కింద ఊళ్లు తిరిగే సహాయకురాలు రూతుది సంతబొమ్మాళి దగ్గర పల్లె. వాళ్ల చర్చిలో ఆగస్టులో ఆమె పెళ్లి నిశ్చయమైంది. పూలవాళ్లను ఎంచిపెట్టమని నన్నడిగింది. పూల సాగు మీద రైతులకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినదాన్ని, వెంటనే ఒప్పుకున్నాను.

ఆఫీసు అలవాటు చొప్పున ఇద్దరిని ఎంపిక చేసి, పోలిక పట్టిక గీశాను. ఒకాయనది పలాసలో ఏసీ దుకాణం. బెంగళూరు నుంచి లిల్లీలు, గులాబీలు తెప్పిస్తాడు. రెండో ఆమె కవిటిలో కొబ్బరి తోటల మధ్య రేకుల షెడ్డులో పూలు కట్టే దమయంతి. ఇద్దరి దగ్గరా ఒక్కో పూలగుత్తి చేయించి, మిట్టమధ్యాహ్నం జీపులో పెట్టి రూతు వాళ్ల ఊరిదాకా తిప్పాను. కోసిన పువ్వు ఎంతసేపు వాడకుండా ఉంటే అంత దాని నిల్వ కాలం. పలాస లిల్లీలు చెక్కుచెదరలేదు. దమయంతి మల్లెలు దారిలోనే రంగు మారాయి. పట్టికలో పలాస ఆయనకే ఎక్కువ మార్కులు పడ్డాయి. రూతు సరేనంది.

కాదన్న మాట మనిషికి ఎదురుగా చెప్పడం మర్యాదని, మర్నాడు రూతును వెంటబెట్టుకుని కవిటి వెళ్లాను. దమయంతి ఏమీ నొచ్చుకోలేదు. మల్లెలు ఎండకు ఆగవని తనే ఒప్పుకుంది. టీ ఇచ్చి, రూతు వైపు తిరిగి ఒక మాట అడిగింది.

"మీ ఇంట్లో పూల వాసన పడనోలు ఎవులైనా ఉన్నారేటమ్మా?"

రూతు టీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత చెప్పింది: "మా అమ్మకి పడదండి. డయాలసిస్ సేయించుకుంటంది. పూల వాసనొస్తే వాంతులైపోతాయి. పెళ్లప్పుడు ఎనక, తలుపు కాడ కూకుంటానంది."

"పిల్ల పెళ్లికి తల్లి తలుపు కాడ కూకోడమేటి? వాసన లేని పూలే కడదాం. ముందు బెంచీలోనే కూకోమను."

మూడు వారాలుగా రూతు రోజూ నా ఎదురుగానే పనిచేస్తోంది. నేనడగలేదు, ఆమె చెప్పలేదు. నేను మార్కులేసిన లిల్లీల ఘాటు చర్చి అంతా కమ్ముకునేది. పలాస ఆయనకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. వాసన లేని పెళ్లి తన వల్ల కాదని నవ్వి, ఆయనే తప్పుకున్నాడు.

దమయంతి పెద్ద చామంతుల్లాంటి తెల్ల జెర్బెరాలు అడిగింది. వాటికి వాసన ఉండదు; నేను వచ్చిన కొత్తలో తనిఖీ చేసిన ఒక రైతు పాలీహౌస్‌లోనే దొరికాయి. వాటితోపాటు ఇంకా విచ్చుకోని కొబ్బరి పూత కోస్తానంది. నాకు ప్రాణం ఒప్పలేదు. ఒక పూగెల కోస్తే ఒక కాయల గెల పోయినట్టేనని ఉద్యోగమంతా రైతులకు చెప్పినదాన్ని.

"మా పెరట్లో సెట్టేనమ్మా, మీ ఆఫీసుది కాదు," అని కత్తి తీసుకుంది.

పై తొడుగు చీల్చగానే మీగడ రంగు పూరెమ్మలు జలజలా బయటపడ్డాయి. పెళ్లికి ముందు రోజు దమయంతి నమూనా గుత్తి కట్టి రూతు వాళ్లింటికి పట్టుకెళ్లి, వాళ్లమ్మ చేతికే ఇచ్చింది. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని, ఏ వాసనా రాలేదని చెప్పాకే మిగతావి కట్టింది.

పెళ్లిలో ఆ తల్లి మొదటి బెంచీలో, గుత్తికి నాలుగడుగుల దూరంలో కూర్చుంది. ప్రార్థన చివరిదాకా లేవలేదు. కీర్తన అందరికంటే గట్టిగా, శ్రుతి తప్పి పాడింది. రూతుకు నవ్వాగలేదు, ఆమె సర్దుకునేదాకా పాస్టరుగారు ప్రమాణాలు ఆపవలసి వచ్చింది.

పువ్వు ఎందుకు వాడుతుందో దమయంతి కంటే నాకే ఎక్కువ తెలుసు. ఆ పూల మధ్య ఎవరు కూర్చుంటారో కనుక్కోవాలని మాత్రం నాకు తోచలేదు. పెళ్లికి ఎవరితో పూలు కట్టించుకోవాలని ఇప్పుడెవరైనా అడిగితే, ముందు వాళ్లు మిమ్మల్ని ఏమడుగుతారో వినండని చెబుతాను.